పురుడు ఏప్రిల్ 8న, డబ్బు 11న: విజయవాడలో ఒక కేసు

"పురుడికి లక్ష రూపాయలు లోను ఎక్కడ దొరుకుద్ది మేడం గారూ?"

2024 నవంబరు రెండో వారంలో మా ఆఫీసుకు వచ్చిన ఒక అత్తగారు కూర్చోకముందే అడిగిన మాట ఇది. పక్కన కోడలు. ఐదో నెల. చేతిలో బట్టల షాపు ప్లాస్టిక్ కవరు, దాని నిండా రిపోర్టులు, మందుల చీటీలు.

నేను విజయవాడలో ఒక స్వచ్ఛంద సంస్థలో మెడికల్ సోషల్ వర్కర్‌ని. గర్భిణులకు, బాలింతలకు ఆసుపత్రి ఎంచుకోవడం దగ్గర్నుంచి పథకాల దరఖాస్తులు, అప్పుల లెక్కల దాకా తోడుండడం నా పని. ఈ కేసును 2025 సెప్టెంబరు దాకా చూశాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు రాయను, ఆసుపత్రి పేరు, షాపు పేరు కూడా రాయను. ఇలాంటి ఇంట్లో డబ్బు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో తేదీలతో సహా చెప్పడమే నా ఉద్దేశం.

ఆమెకు 24 ఏళ్లు. బట్టల షోరూంలో సేల్స్‌లో పని, ఏడాదిన్నర దాటింది. భర్తకు సొంత ఆటో ఉంది, ఇంకా ఫైనాన్స్ తీరలేదు. ఇల్లు అజిత్‌సింగ్‌నగర్ వైపు, అత్తమామలదే, గ్రౌండ్ ఫ్లోరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు ఆమెకు రెండో నెల. పైఅంతస్తు వాళ్లింట్లో నాలుగు రోజులు ఉన్నారు. వాంతులతో మంచినీళ్లు కూడా నిలవలేదట. కింద ఫ్రిజ్, మంచం, బీరువాలో బట్టలు పోయాయి. ఆటో సీటు పైదాకా మునిగింది.

ప్రభుత్వం ఇచ్చిన వరద సాయం గ్రౌండ్ ఫ్లోరు ఇంటికి 25,000, ఆటోకు 10,000 వాళ్లకు అందింది. కానీ ఆటో ఇంజను పని చేయించి, ఇంట్లోకి కనీస సామాను కొనేసరికి అది చాలలేదు. వీధిలో తెలిసినాయన దగ్గర 40,000 తెచ్చారు, నూటికి ఐదు రూపాయల వడ్డీ. అంటే నెలకు 2,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. 2015 డిసెంబరులో కాల్‌మనీ కేసులు, అంటే అధిక వడ్డీకి అప్పులిచ్చి వేధించిన కేసులు, బయటపడిన ఊరు మాది. ఐదు రూపాయల వడ్డీ అనే మాట వినగానే నా కలం ఆగిపోతుంది. మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఎవరి దగ్గర తెచ్చారు, నోటు రాశారా, ఖాళీ చెక్కు ఇచ్చారా అని అడుగుతాను. చెక్కు ఇవ్వలేదు. నోటు మాత్రం రాశారు.

దీని మీద ఇంకో లక్ష అప్పు చేయడానికి వచ్చారు.

కవర్లో ఏముంది

కాగితాలన్నీ బల్ల మీద పరిచి తేదీల వారీగా పేర్చాం. ఇది ప్రతి కేసులోనూ చేస్తాను. ఎంత ఖర్చయిందని అడిగితే ఎవరైనా ఉజ్జాయింపుగా చెబుతారు, అందులో సగం మరిచిపోతారు. కాగితాలు మరిచిపోవు. ఐదో నెలకే 14,300 అయింది. డాక్టరు ఫీజు ప్రతిసారీ 400, స్కానింగులు మూడు, రక్తపరీక్షలు, ప్రోటీన్ పౌడరు డబ్బాలు నాలుగు. అందులో సగానికి పైగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరికేవే. ఐరన్, కాల్షియం మాత్రలు కూడా బయట కొన్నారు.

వార్డు సచివాలయం ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) దగ్గర పేరు నమోదైంది, పరీక్షలు, టీకాలు రాసే ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల కార్డు) ఉంది. కానీ రెండు పేజీలు తప్ప అంతా ఖాళీ. ఎందుకు వెళ్లలేదంటే షాపులో సెలవు దొరకదు, ఆదివారం ప్రైవేటు క్లినిక్ తెరిచి ఉంటుంది. ఇది సోమరితనం కాదు. ఒక పూట సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది. ఆ లెక్క వేసుకుంటే 400 ఫీజే చవకగా కనిపిస్తుంది.

సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రి వాళ్లు ప్యాకేజీ చెప్పారు. నార్మల్ అయితే 45,000, ఆపరేషన్ అయితే 80,000, బిడ్డను బాక్సులో పెట్టాల్సి వస్తే అది వేరు. కుటుంబం 45,000 గుర్తుపెట్టుకుంది. అత్తగారు జాగ్రత్త మనిషి కాబట్టి లక్ష అడిగారు. ఆవిడ లెక్కే సరైనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషనుతో జరిగినట్టు తేలింది. ప్రైవేటులో అయితే నూటికి 63, ప్రభుత్వాసుపత్రుల్లో 27 దరిదాపు. ప్రైవేటులో కాన్పుకు వెళ్లేవాళ్లకు ఆపరేషన్ రేటుకే డబ్బు సిద్ధం చేసుకోమని చెబుతాను. అది డాక్టర్ల మీద నింద కాదు. అప్పు చేసే ఇల్లు ఏ అంకెను పట్టుకోవాలో చెప్పడం మాత్రమే.

నేను ప్రభుత్వాసుపత్రి మాట ఎత్తగానే అత్తగారి ముఖం మారింది. "మొదటి కానుపు మేడం. మా వాళ్లు ఏమనుకుంటారు?" ఆవిడ భయంలో పరువు కొంత, నిజమైన భయం కొంత. ఇరవై ఏళ్ల కిందట ఆవిడ ఆడపడుచు ప్రభుత్వాసుపత్రి వరండాలోనే ప్రసవించిందట. ఆ జ్ఞాపకాన్ని కరపత్రంతో తుడవలేం. ఆ రోజు వాదించలేదు. వచ్చే నెల 9న కోడలిని ఒక్కసారి తీసుకెళ్లి చూసి రండి, ప్రతినెలా 9న గర్భిణులకు ప్రత్యేకంగా డాక్టరు చూస్తారు, నచ్చకపోతే మళ్లీ మాట్లాడుకుందాం అన్నాను. వాళ్లు వెళ్లారు. నాలుగు గంటలు కూర్చోవాల్సి వచ్చింది. పరీక్షలు మాత్రం అన్నీ చేశారు, ఒక్క రూపాయి అడగలేదు. అత్తగారు ఆ రెండు మాటలూ నాకు చెప్పారు. ఆ నాలుగు గంటల్లోనే ఆవిడ కాన్పుల వార్డు బయట నిలబడి ఆరుగురు బాలింతల తల్లులతో మాట్లాడి వచ్చారని తర్వాత తెలిసింది. ఆవిడ మనసు మార్చింది నేను కాదు, ఆ ఆరుగురు.

నా పొరపాటు

మొదటి రోజు ఫారం నింపేటప్పుడు "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాను. "బట్టల షాపులో సేల్స్ అండి" అంది. నేను అసంఘటిత రంగం అనే గడిలో టిక్కు పెట్టాను. బట్టల షాపు అమ్మాయి అనగానే నా బుర్రలో ఒక బొమ్మ ఉంది. చేతికి జీతం, సంతకం లేదు, సెలవు లేదు. ఆ బొమ్మతోనే ప్లాను వేశాను. అంగన్‌వాడీ టీచరు అప్పటికే ప్రధానమంత్రి మాతృవందన యోజనకు దరఖాస్తు పెట్టారు. మొదటి కాన్పుకు 5,000. గర్భం నమోదయ్యాక 3,000, బిడ్డ పుట్టి మూడున్నర నెలల టీకాలు పూర్తయ్యాక 2,000. ఆ డబ్బు రాలేదు, ఎందుకంటే ఆమె ఆధార్ పెళ్లికి ముందు తెరిచిన ఖాతాకు లింకై ఉంది, ఆ ఖాతా వాడక ఆగిపోయింది. నేను ఆ 3,000 కోసం బ్యాంకు చుట్టూ రెండుసార్లు తిప్పాను. నా శ్రద్ధంతా అక్కడే.

డిసెంబరు మొదటి వారంలో ఆమె ఒక్కతే వచ్చింది, షాపు మూసేశాక, రాత్రి తొమ్మిదిన్నరకి. నేను ఇంటికి బయల్దేరుతున్నాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొట్ట కనిపిస్తోంది, కౌంటర్లో నిలబడలేదు, సొంత కారణాలతో మానేస్తున్నానని రాసివ్వమని సూపర్‌వైజరు కాగితం ఇచ్చాడట. రేపు సంతకం చేసి ఇవ్వాలి.

"చేసేద్దామనుకుంటున్నా అక్కా. ఎలాగూ రెండు నెలల్లో ఆపేయాలిగా."

ఆ కాగితంతో పాటు ఫోన్లో పే స్లిప్ కూడా చూపించింది, అక్టోబరుది. మొత్తం జీతం 14,200. పీఎఫ్ 1,704. దాని కింద ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా చందా, 107. చేతికి 12,389.

ఆ 107 దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మూడు వారాలుగా ఆ పే స్లిప్ ఆమె ఫోన్లోనే ఉంది. నేను అడగలేదు. ఒక్క రోజు ఆలస్యమైతే సంతకం అయిపోయేది.

107 రూపాయలు

ఈఎస్ఐ అంటే మనవాళ్లకు గుణదల ఆసుపత్రి, మందుల లైను గుర్తొస్తాయి. జ్వరానికి మాత్రలిచ్చే చోటు అనుకుంటారు. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ వర్తించే సంస్థలో పనిచేసేవాళ్ల జీతంలో 0.75 శాతం కోసి, యజమాని 3.25 శాతం కలిపి కడతాడు. ఆ డబ్బుకు వైద్యం ఒక్కటే కాదు, ప్రసూతి ప్రయోజనం అనేది ఉంది. ఉద్యోగం చేస్తున్న స్త్రీకి కాన్పు కోసం 26 వారాల పాటు సగటు రోజు జీతం మొత్తానికి మొత్తం ఈఎస్ఐ కార్పొరేషన్ ఇస్తుంది. యజమాని జేబు నుంచి కాదు. అందులో ఎనిమిది వారాలకు మించకుండా కాన్పుకు ముందు వాడుకోవచ్చు. ఇద్దరు పిల్లలున్న తల్లికి మళ్లీ కాన్పయితే 12 వారాలే.

షరతు ఒకటి. ముందున్న రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజుల చందా కట్టి ఉండాలి. చందా కాలం అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఒకటి. ఈమెకు డాక్టరు ఇచ్చిన తేదీ 2025 ఏప్రిల్ 14. జనవరి నుంచి జూన్ మధ్య పడే కాన్పుకు అంతకు ముందటి ఏప్రిల్–సెప్టెంబరు, దానికి ముందటి అక్టోబరు–మార్చి చూస్తారు. వరదలప్పుడు పన్నెండు రోజులు పనికి వెళ్లకపోయినా ఆ రెండు కాలాల్లో ఆమెకు 70 ఎప్పుడో దాటిపోయాయి.

ఆ రాత్రి నోటుబుక్కులో లెక్క వేశాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా జీతాన్ని రోజులకు పంచితే రోజుకు 466. ఇరవై ఆరు వారాలంటే 182 రోజులు. మొత్తం 84,812.

ఆమె ఆ అంకె వైపు చూసి "ఇది లోనా అక్కా?" అంది. కాదమ్మా, నీదే, నువ్వు కట్టినదానికి వచ్చేదే అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను.

మాతృవందన 5,000 కోసం నేను పడ్డ తిప్పలు, ఈ 84,812 నా కళ్ల ముందు ఉండి కూడా కనిపించకపోవడం, రెండూ అదే నోటుబుక్కులో ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి. ఆ తర్వాత మా ఫారం మార్పించాను. ఏం పని చేస్తారు అన్న ప్రశ్న కింద కొత్త గడి చేర్చాం: జీతం కాగితం చూశారా? చూడకపోతే ఆ రోజు కేసు మొదలైనట్టు కాదు. భర్తకు ఈఎస్ఐ ఉందా అనీ అడుగుతాం, కానీ అది వేరు. భర్త కట్టే చందా మీద భార్యకు వైద్యం అందుతుంది గానీ, ఈ జీతం భర్తీ రాదు. అది ఉద్యోగం చేసే స్త్రీ సొంత చందా మీద మాత్రమే.

రాజీనామా కాగితం మీద సంతకం చేయలేదు. బదులుగా ప్రసూతి సెలవు కోరుతూ ఒక ఉత్తరం రాశాం, 2025 ఫిబ్రవరి 17 నుంచి. షాపు హెచ్ఆర్‌లో ఒక కుర్రాడు ఉన్నాడు. అతనితో ఫోన్లో మాట్లాడాను. ప్రసూతి ప్రయోజనం తీసుకుంటున్న కాలంలో ఉద్యోగం నుంచి తీసేయకూడదని ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్లో ఉందని చెప్పాను. గొడవ పడతాడేమో అనుకున్నాను. "అయితే మా కంపెనీ డబ్బు ఇవ్వక్కర్లేదా మేడం?" అని అడిగాడు. అక్కర్లేదు, 26 వారాలూ ఈఎస్ఐ వాళ్లే ఇస్తారు అన్నాను. అంతే, పని తేలికైంది. సూపర్‌వైజరుకు కూడా ఆ సంగతి తెలియదు. ఆరు నెలల జీతం షాపు నెత్తిన పడుతుందని భయపడి కాగితం ఇచ్చాడు. ఫిబ్రవరి దాకా ఆమెను కూర్చుని చేసే బిల్లింగ్ పక్కన ప్యాకింగ్‌కు మార్చారు.

వదులుకున్న ఐదు వేలు

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. వేరే చట్టం కింద ఇలాంటి ప్రయోజనమే అందుకునే స్త్రీకి మాతృవందన వర్తించదు. అంటే ఈఎస్ఐ జీతం తీసుకుంటే ఆ 5,000 తీసుకోకూడదు. ఇంట్లో అందరూ రెండూ తీసుకుందాం అన్నారు, రెండు ఆఫీసులు వేరు, ఎవరు చూస్తారని. భర్త అయితే "వరదలో ఎంత పోయింది మేడం, ఐదు వేలకు అంత పట్టింపా?" అన్నాడు. అతని బాధ నాకు అర్థమైంది. కానీ ఆ దరఖాస్తు మీద సంతకం ఆమెది. రేపు వెనక్కి కట్టమంటే కట్టాల్సిందీ ఆమే. అంతకన్నా ముఖ్యం, పక్క వీధిలో మిరపకాయ బజ్జీల బండి నడుపుకునే గర్భిణికి వేరే ఏ దిక్కూ లేదు, ఆ పథకం అలాంటివాళ్ల కోసం. అలాంటి దరఖాస్తుకు సాయం చేయనని మెల్లగానే, స్పష్టంగా చెప్పాను. అంగన్‌వాడీ టీచరుకు చెప్పి దరఖాస్తు ఆపించాం. ఒక్క రూపాయి కూడా పడకముందే కావడంతో చిక్కు లేకుండా పోయింది.

ఈఎస్ఐ లేనివాళ్లకు మాత్రం మాతృవందన వదలొద్దని చెబుతాను. రేషన్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటి వాటిలో ఏదైనా ఉంటే చాలు. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి ఇస్తారు. తల్లి పేరున, ఆధార్ లింకైన సొంత ఖాతా ఉండాలి. నా కేసుల్లో డబ్బు ఆగిపోయిన చోట కారణం దాదాపు ఎప్పుడూ అదే, ఆధార్ పాత ఖాతాకు కట్టుకుని ఉండడం.

తేదీల కాగితం

డబ్బు వస్తుందని తెలిసింది. అయినా నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే వచ్చే తేదీ తెలియదు. ఈ పనిలో నేను నేర్చుకున్నది, ఇప్పటికీ ఎవరికైనా చెప్పేది ఇదొక్కటే: ఎంత వస్తుంది అన్నదాని పక్కనే ఎప్పుడు వస్తుంది అని రాయాలి. మే నెలలో వచ్చే ఇరవై వేలు ఏప్రిల్లో ఐదు రూపాయల వడ్డీని ఆపలేవు.

ఒక పెద్ద కాగితం మీద జనవరి నుంచి సెప్టెంబరు దాకా నెలలు గీసి, ఎడమ పక్క పోయే డబ్బు, కుడి పక్క వచ్చే డబ్బు రాశాం. ఫిబ్రవరి 15 ఆఖరి పనిరోజు. సగం నెల జీతం, దాదాపు 7,000, మార్చి 7న పడుతుంది. ఈఎస్ఐ క్లెయిము, అంటే ఫారం 19, మార్చిలో పెడితే మొదటి విడత ఎప్పుడు పడుతుందో తెలియదు. కాన్పు ఏప్రిల్ మధ్యలో. మార్చి రెండో వారం నుంచి కాన్పు దాకా కుడి పక్క మొత్తం ఖాళీ. ఎడమ పక్క మాత్రం ఆటో ఫైనాన్సు, వడ్డీ, ఇంటి ఖర్చు, ఆసుపత్రి రాకపోకలు. పెద్ద ఖర్చంతా ఆ ఖాళీలోనే పడుతోంది.

ఖాళీని నింపడానికి మూడు పనులు చేశాం. మొదటిది అత్తగారి వల్ల అయింది. ఆవిడ డ్వాక్రా సంఘంలో పన్నెండేళ్లుగా ఉన్నారు. సంఘం సొంత పొదుపు నుంచి రూపాయి వడ్డీకి 40,000 తీసుకుని ఐదు రూపాయల అప్పు తీర్చేశారు. నెలకు 2,000 పోయే చోట 400. అసలు మాత్రం జూన్ నుంచి కడతామని అడిగారు. సభ్యులంతా కూర్చుని ఒప్పుకున్నారు. ఆ నోటు వెనక్కి తెచ్చుకుని, చింపే ముందు నాకు ఫోటో పంపారు.

రెండోది పుట్టింటి నుంచి. మొదటి పురుడు పుట్టింటివాళ్లదే అని మన దగ్గర మాట. వాళ్లమ్మ గుంటూరు వైపు ఉంటుంది, భర్త లేడు, కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్తుంది. కూతురి పురుడంటే రెండు కాసుల గొలుసు తాకట్టు పెట్టాల్సిందేనని ముందే నిశ్చయించుకుంది. నేను గుంటూరు వెళ్లి ఆవిడతో కూర్చున్నాను. గొలుసు ఆగనివ్వండి, మీ చీటీ ఎప్పుడు ఎత్తుకోవచ్చు అని అడిగాను. ఫిబ్రవరిలో పాడింది, 26,500 చేతికొచ్చింది. గొలుసు ఆవిడ మెడలోనే ఉంది.

మూడోది ఆసుపత్రి. పుట్టింటివైపు ప్రభుత్వాసుపత్రిలోనే కాన్పు అని ఫిబ్రవరి నాటికి అందరూ ఒప్పుకున్నారు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో మామూలు కాన్పైనా ఆపరేషనైనా తల్లికి ఖర్చు ఉండకూడదు. మందులు, పరీక్షలు, రక్తం, మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషనుకు ఏడు రోజుల భోజనం, ఇంటి నుంచి రావడానికి, తిరిగి వెళ్లడానికి బండి, అన్నీ దాని కిందకే వస్తాయి. పుట్టిన బిడ్డకు జబ్బు చేస్తే ఆ చికిత్స కూడా.

ఒకవేళ బిడ్డను ప్రైవేటు ఆసుపత్రికి పంపాల్సి వస్తే ఏం చేయాలో కూడా కాగితం వెనకవైపు రాసిచ్చాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల చికిత్సలు ఆరోగ్యశ్రీలో, అంటే ఇప్పటి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో ఉన్నాయి. చేర్చే ముందే అది నెట్‌వర్క్ ఆసుపత్రేనా, ఈ కుటుంబానికి వర్తిస్తుందా అని 104కు ఫోన్ చేసి కనుక్కోవాలి. చేర్చాక కాదు. ఆ వెనకవైపు అవసరం పడలేదు.

ఏప్రిల్

మార్చి చివర్లో స్కానింగులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని తేలింది. ఏప్రిల్ 8న ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, 2.4 కిలోలు. మూడో రోజు పచ్చకామెర్లు కనిపిస్తే రెండు రోజులు నీలి లైటు కింద పెట్టారు. అత్తగారు ఆ రెండు రోజులూ నాకు గంటకోసారి ఫోన్ చేశారు. ఏప్రిల్ 15న డిశ్చార్జి, 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండిలో పుట్టింటికి.

ఆసుపత్రి బిల్లు సున్నా. కానీ ఆ వారం ఖర్చు 9,650. తోడున్న ఇద్దరి భోజనాలు, టీలు, విజయవాడ నుంచి భర్త రాకపోకలు, ప్యాడ్లు, దుప్పట్లు, ఫ్లాస్కు. పాప పుట్టిందని చెప్పి మామూలు అడిగినవాళ్లకు ఇచ్చిన 1,500 కూడా అందులో ఉంది. ఇవ్వక్కర్లేదని ముందే గట్టిగా చెప్పాను. ఆపరేషన్ గది బయట నిలబడ్డ మనిషికి ఆ మాట గుర్తుండదు. అడగడం తప్పు, ఇచ్చినవాళ్లది కాదు. ఉచితం అని చెప్పేటప్పుడు ఈ పది వేల సంగతి నేను చెప్పి తీరతాను, ఎందుకంటే ఉచితం అనే మాట నమ్మి ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లు వార్డులోంచే అప్పుకు ఫోన్ చేస్తారు. వీళ్ల దగ్గర చీటీ డబ్బు ఉంది.

ఏప్రిల్ 11న, పాప లైటు కింద ఉండగా, ఈఎస్ఐ మొదటి విడత పడింది. మార్చి 31 దాకా 43 రోజులకు 20,038. పురుడుకు మూడు రోజులు ఆలస్యం. చీటీ లేకపోతే ఆ మూడు రోజుల కోసమే గొలుసు తాకట్టుకు వెళ్లేది.

మిగతా విడతలకు డిశ్చార్జి కాగితాలు విజయవాడ డిస్పెన్సరీలో చూపించి సర్టిఫికెట్ తీసుకోవాల్సి వచ్చింది. ఈఎస్ఐలో ఆమె ఇంటిపేరు పుట్టింటిది, ఆసుపత్రి కాగితంలో అత్తింటిది. దాన్ని సరిచేయడానికి భర్త మూడు పూటలు ఆటో ఆపుకున్నాడు. జూన్ 19న 75 రోజులకు 34,950 వచ్చింది. ఆఖరి 64 రోజులవి 29,824, సెలవు ఆగస్టు 17న పూర్తయ్యాక సెప్టెంబరులో. జననీ సురక్ష యోజన అనే వేరే పథకం కింద వచ్చే 600 మే నెలలో పడింది.

ఎవరూ రాయని ఖర్చు

బారసాల గురించి నేను ఏమీ అనకూడదని అనుకున్నాను. ముందు హాలు, క్యాటరింగ్‌తో 60,000 అన్నారు. తేదీల కాగితం గోడకు అంటించి ఉంది, అత్తగారే దాని ముందు నిలబడి 28,000కు తగ్గించారు, ఇంటి ముందు టెంటు వేసి. ఇరవై ఒకటో రోజున నేనూ వెళ్లాను. వరదలో అన్నీ పోయిన ఇంట్లో అదే మొదటి పండగ. ఆ 28,000ను దుబారా అని రాయడానికి నాకు చేయి రాలేదు, మామూలు ఖర్చుల వరుసలోనే రాశాను.

మొత్తం కలిపితే క్లినిక్ ఖర్చులు, ఆసుపత్రి వారం, పథ్యం, కాయం, పాప మందులు, బట్టలు, బారసాల అన్నీ కలిపి 67,050. ఆమె ఆరు నెలల జీతం అంతకన్నా ఎక్కువ, 85,200. పురుడు ఖర్చు అని మనం అనుకునేదానికంటే పురుడు వల్ల ఆగిపోయే జీతమే పెద్దది. నా మొదటి ప్లానులో ఆ జీతం వరుసే లేదు.

ఇంకో వరుస కూడా లేదు. వాళ్లమ్మ కూలి. ఏప్రిల్, మే నెలలు మిర్చి పనికి మంచి సీజను. కూతురికి నీళ్లు పోసి, పథ్యం వండి, పాపకు స్నానం చేయిస్తూ ముప్పై రోజులు పనికి పోలేదు. రోజుకు 400 వేసుకున్నా 12,000. ఏడాదిలో ఆవిడ నాలుగు రాళ్లు వెనకేసుకునే కాలం అదే. ఏ పథకంలోనూ అమ్మమ్మ కూలికి గడి లేదు. నా ఫారంలోనూ లేదు, ఇప్పుడు చేర్చాను. జూన్ విడత వచ్చాక ఆమె అమ్మకు ఆరు వేలు ఇవ్వబోతే "కూతురి సొమ్ము తింటామా" అని తీసుకోలేదు. అల్లుడు గ్యాసు బండ, నెల సరుకులు, కరెంటు బాకీ మూడు నెలలది కట్టి వచ్చాడు. వాటిని మాత్రం వెనక్కి పంపలేకపోయింది.

ఆమె ఆగస్టు 18న షాపులో చేరింది. మళ్లీ కౌంటరు, మళ్లీ నిలబడే పని. పాప అత్తగారి దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం పాలివ్వడానికి ఇంటికి వెళ్లి వచ్చే వీలు లేదు, పొద్దున తీసి పెట్టి వెళ్తుంది. ఈ విషయంలో ఆమెకు నేను చేయగలిగింది దాదాపు ఏమీ లేకపోయింది. షాపులో ఒక కుర్చీ, ఒక మూల, తెర అడిగాను. హెచ్ఆర్ కుర్రాడు చూస్తానన్నాడు. సెప్టెంబరు చివరికి ఇంకా చూడలేదు.

డ్వాక్రా అప్పులో జూన్ నుంచి నెలకు 5,000 చొప్పున 20,000 కట్టారు, ఇంకా 20,000 ఉంది. పాప జననం 21 రోజుల్లోపే నమోదైంది కానీ సర్టిఫికెట్లో పేరు చేర్చలేదు, రెండు ఇళ్లవాళ్లూ ఇంకా ఒక పేరు మీదకు రాలేదట. రుసుము లేకుండా చేర్చుకోవడానికి నమోదైన రోజు నుంచి ఏడాది గడువు ఉంది. దానికి ముందే పడేలా పాప మొదటి పుట్టినరోజు, 2026 ఏప్రిల్ 8 అని ఫైలు పైన ఎర్ర సిరాతో రాసి పెట్టాను, అప్పటిదాకా మూయను.